ఒక్క లాగుడుకే స్టార్టయిన ఇంజన్

"ఆ రాత్రి పడవ ఎవరికైనా ఇచ్చాడేమో అడుగు," అంది సార్జెంట్ తరైవిని, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ.

అడగాల్సిన మనిషి ఆమెకు బారెడు దూరంలోనే ఉన్నాడు. పోలీస్ పోస్టు వెనక గదిలో, చాప మీద, చేతులకు బేడీలతో తల వంచుకుని కూర్చున్నాడు సెమితి. తరైవినికి పెదనాన్న కొడుకు. నైతోవో ఊళ్ళో పెదనాన్న కొడుకంటే సొంత అన్నే. ఈడొచ్చాక అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడుకోరు. తప్పనిసరైతే మధ్యలో ఇంకో మనిషిని పెట్టుకుంటారు. అది పగ కాదు, మర్యాద. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్పని ఆ మర్యాదను వీళ్ళిద్దరూ హత్య కేసులో కూడా తప్పలేదు.

మధ్య మనిషి తరైవిని భర్త ఏమోసి. సెమితికి బావ. బావల మధ్య మాటకు అడ్డూ ఆపూ ఉండదు కాబట్టి ఈ పనికి ఏమోసి కంటే తగినవాడు ఊళ్ళో లేడు.

"విన్నావుగా బావా," అన్నాడు ఏమోసి, సెమితి భుజం మీద చరిచి. "పడవ ఎవడికైనా ఇచ్చావా అని అడుగుతోంది మీ చెల్లెలు. ఇచ్చుంటే వాడి పేరు చెప్పు. వాణ్ణి ఉప్పేసి ఎండబెడదాం."

సెమితి తలెత్తి ఏమోసి మొహంలోకి చాలాసేపు చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

"నిద్రపోయాను," అన్నాడు.

"నిద్రపోయాడట," అన్నాడు ఏమోసి.

"నేనడిగింది అది కాదు. పడవ ఇచ్చాడా లేదా?"

"పడవ సంగతి చెప్పు బావా."

 ఈసారి సెమితి చెవులు ఎర్రబడ్డాయి. తప్పు చేసినవాడికే అలా ఎర్రబడతాయని తరైవిని తన సర్వీసులో ఎన్నోసార్లు చూసింది. అన్న చెవులు అలా చూడాల్సి వచ్చి ఆమె మళ్ళీ క్యాలెండర్ వైపే తిరిగింది.

తలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

"బాగుంది, బాగుంది. ఇది ఇంటరాగేషనా, పెళ్ళిచూపులా?" రాజధాని సువా నుంచి నిన్న దిగిన ఇన్‌స్పెక్టర్ నవితలై గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో టీ కప్పు. "అమ్మాయి గోడతో మాట్లాడుతుంది, అబ్బాయి చాపతో మాట్లాడతాడు, మధ్యలో పేరయ్య. ఇలాగైతే క్రిస్మస్‌కి లగ్గం పెట్టుకోవచ్చు."

"మీ వైపు ఈ పట్టింపు లేదేమో సార్," అంది తరైవిని.

"ఎందుకు లేదూ? ఉంది. స్టేషన్ గడప బయట చెప్పులతో పాటు వదిలేస్తాం. బయటికి రా, మాట్లాడాలి."

వరండాలోకి వచ్చాక అతను గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం స్టీమరు వస్తుంది. వీణ్ణి ఎక్కిస్తున్నాను. మీ పెద్దలు కూడా తిమింగలం పన్ను తీసి తుడుచుకుంటున్నారు, చూశావా? అదే స్టీమర్లో వెళ్ళి కమినియేలి వాళ్ళ కాళ్ళ దగ్గర పెడతారట, మావాడు చేసిన తప్పు మన్నించండని."

తరైవినికి ఆ సంగతి తెలుసు. కమినియేలి సముద్రం అడుగున పాకే సముద్ర దోసకాయలు కొనే వ్యాపారి. ఊరికి అతిథి. పగడపు గట్టు లోపలి సముద్రపు మడుగు మధ్య చిన్న దీవిలో షెడ్డు వేసుకుని, వాటిని ఎండబెట్టుకుంటూ ఉండేవాడు. మొన్న తెల్లారి చేపలకు వెళ్ళిన సెమితికి షెడ్డు ముందు మోకాలి లోతు నీళ్ళలో, తల పగిలి, బోర్లా కనిపించాడు. అతిథి ప్రాణం పోయిందని ఊరంతా తలెత్తుకోలేకుండా ఉంది. పన్ను అవతలివాళ్ళ చేతిలో పెట్టారంటే తప్పు సెమితిదని ఊరే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత సెమితి తరఫున సాక్ష్యం చెప్పడానికి ఒక్క నోరు కూడా లేవదు. జడ్జి దాకా అక్కర్లేదు.

"మీ దగ్గరున్న ఆధారం ఏమిటి సార్? ఒక్క ఇంజన్ మోతేగా?"

"మోత కాదు, మోత లేకపోవడం." నవితలై టీ తాగి కప్పు గట్టు మీద పెట్టాడు. "విను. ఆ రాత్రి ఊళ్ళో పనిచేసే ఇంజన్ ఒక్క సెమితిదే. మిగతా పడవలన్నీ పక్క దీవిలో చావుకి పోయాయి. ఆ ముసలి ఇంజన్ చల్లగా ఉంటే లేవదు. తాడు లాగీ లాగీ చెయ్యి పడిపోవాలి, అది దగ్గీ దగ్గీ ఊరంతా లేవాలి. అవునా?"

"అవును. ఊళ్ళో కోళ్ళు దాన్ని చూసే కూయడం మానేశాయి."

"మరి మొన్న పొద్దున్న అదే ఇంజన్ ఒక్క లాగుడుకే లేచింది. పదిమంది విన్నారు. వేడిగా ఉన్న ఇంజన్ తప్ప అలా లేవదు. అంటే అంతకు కాసేపటి ముందే అది తిరిగొచ్చింది. రాత్రి ఎవరూ దగ్గు వినలేదంటే గడకర్రతో తోసుకుంటూ దూరం పోయి స్టార్ట్ చేశాడన్నమాట. ఊరి పెద్దింట్లో అందరికీ యాంగోనా వేరు పానీయం పోసి సెమితి ఇంటికెళ్ళింది నడిరేయి దాటాక. అప్పటి నుంచి తెల్లారే వరకు వాణ్ణి చూసినవాడు లేడు. ఇంకేం కావాలి?"

తప్పు పట్టడానికి లేదు. 

"ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు," అన్నాడు నవితలై. "ఇంట్లోవాళ్ళ కేసు ఇంట్లోవాళ్ళు చూడకూడదు. ఈ కేసు వదిలెయ్."

"స్టీమరు వచ్చేదాకా నా కేసే సార్. ఇంజన్ని మీరు చూశారా?"

"చూశాను. ముట్టుకున్నాను కూడా. పాతది, తుప్పుపట్టింది. కొత్త సామాను ఒక్కటి లేదు. అది మారిపోయిందని నాకు కథలు చెప్పకు."

"చెప్పను. లాగి చూపిస్తాను. రెండ్రోజులుగా సీలు వేసి ఉంది, అంతకంటే చల్లటి ఇంజన్ మనకి దొరకదు. ఊరి ఇంజన్ల సంగతి తెలిసినవాడు నా మొగుడొక్కడే. అతన్ని లాగమందాం."

ఏమోసి పెట్రోలు ట్యాంకు భుజాన వేసుకుని వాళ్ళ వెనకే ఒడ్డుకి వచ్చాడు. దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. "అనవసరం వీనీ. ఆ ముండమోపి ఇంజన్ లేవదు. నా భుజం పోతుంది. సార్ ఎదురుగా నీ పరువూ పోతుంది."

"పోతే పోనీ."

పడవ మోకాలి లోతులో తేలుతోంది. ఒడ్డు పక్క గుడిసె ముందు చాప అల్లుకుంటున్న లనియానా అవ్వ పోలీసుల్ని చూసి అల్లిక పక్కన పెట్టేసింది. ఆ గుడిసెకీ ఇంజన్‌కీ మధ్య ఇరవై గజాలు కూడా ఉండదు. రోజూ పొద్దున్నే దాన్ని తిట్టుకుంటూనే లేస్తుంది.

"అవ్వా, ఆ రాత్రి సెమితి ఇంజన్ మోత విన్నావా?" అడిగింది తరైవిని.

"ఎన్నిసార్లు చెప్పాలే? వినలేదు. అది దగ్గితే పక్కూరికి వినిపిస్తుంది. నా గోడ పక్కన దగ్గితే నాకు వినపడదా? నాకు పళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదు."

నవితలై చిన్నగా నవ్వాడు.

ఏమోసి గొట్టం తగిలించాడు, తీస్తే ఇంజన్ ఆగిపోయే, పెడితేనే లేచే ఎర్ర తాడు క్లిప్పు పెట్టాడు. తాడు పట్టుకుని లాగాడు. ఇంజన్ గురక పెట్టి ఊరుకుంది. మళ్ళీ లాగాడు. మళ్ళీ మళ్ళీ లాగాడు. చొక్కా తడిసింది. ఇంజన్ ఒక్కసారి కూడా అందుకోలేదు.

"నేను చెప్పానా?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఆయన చెప్పాడా లేదా?" అన్నాడు నవితలై. "చల్లగా ఉంటే లేవదు. ఇంతటితో చాలా, సార్జెంట్? ఇంకా చూపించేది ఏమన్నా ఉందా?"

తరైవినికి మొహం మాడింది. నడుముకి చుట్టుకున్న సులు మోకాళ్ళ దాకా ఎగగట్టి నీళ్ళలోకి దిగింది. ఆమె తండ్రి ఇలాంటి ఇంజన్ మీదే ముగ్గురు పిల్లల్ని సాకాడు. ఒక్కొక్కటే చెయ్యి పెట్టి చూసింది. ట్యాంకు మూత మీద గాలి మర వదులుగానే ఉంది. గొట్టం సరిగ్గానే కూర్చుంది. ఆమె చెయ్యి ముందుకు పోయి ఆగింది.

"చోక్ లాగలేదేం?"

ఏమోసి వంగి చూశాడు. "లాగాననుకున్నాను."

"చల్లటి ఇంజన్‌కి చోక్ మర్చిపోయావా? నువ్వా?"

"రెండ్రాత్రులుగా నిద్ర లేదు వీనీ. నీ వాళ్ళ గొడవేగా ఇదంతా."

ఆమె చోక్ బయటికి లాగింది. గొట్టం మధ్యలోని రబ్బరు పంపుని గుప్పిట్లో పెట్టి నొక్కింది. ఈ ఇంజన్‌కి ఉన్న రోగం అక్కడే అని ఊరంతటికీ తెలుసు. ఎక్కడో సందు చేసుకుని గాలి దూరుతుంది. రాత్రంతా పెట్రోలు వెనక్కి జారిపోతుంది, పొద్దున్నకి ఇంజన్ గొంతు ఎండిపోయి ఉంటుంది. ఎంత నొక్కినా ఆ పంపు మెత్తగానే ఉండేది. ఇప్పుడు నాలుగైదు నొక్కులకే రాయిలా గట్టిపడింది.

తరైవిని తాడు పట్టుకుంది. ఒక్కసారి లాగింది.

ఇంజన్ బుర్రుమని లేచింది. దగ్గు లేదు, పొలమారడం లేదు. నీలం పొగ నీళ్ళ మీద పరుచుకుంది.

నవితలై మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. అంతలో గుడిసె ముందు నుంచి అవ్వ కేక పెట్టింది.

"ఇదే! ఇదేనే అమ్మాయ్! ఆ రాత్రి నేను విన్నది ఈ మోతే!"

తరైవిని ఇంజన్ ఆపింది. "వినలేదన్నావుగా అవ్వా?"

"సెమితి ఇంజన్ విన్నావా అనడిగారు. వినలేదన్నాను. ఈ మోత విన్నావా అని ఎవరడిగారు? రాత్రి ప్రార్థన అయిపోయి నేను దీపం తగ్గిస్తుంటే ఇలాగే బుర్రుమంది. దగ్గు లేదు కదా, మనది కాదు, ఎవరో పొరుగూరివాళ్ళు పోతున్నారనుకున్నాను."

"ప్రార్థన అయిన వెంటనేనా?"

"వెంటనే. అప్పుడు సెమితి పెద్దింట్లో గిన్నె ముందు కూర్చుని యాంగోనా కలుపుతున్నాడు. నా మనవడు ఆ చేతి గిన్నే తాగొచ్చాడు, కావలిస్తే అడుగు."

అడగనక్కర్లేదు. ఊళ్ళో మిగిలిన మగవాళ్ళంతా సాక్షులే. నడిరేయి దాకా సెమితి ఆ గిన్నె దగ్గర నుంచి లేవలేదు. పడవ అతను లేకుండానే, అందరి చెవుల ముందు నుంచే పోయింది. ఊరంతా వింది. తమ ఇంజన్‌కి దగ్గు ఉండి తీరాలని నమ్మిన జనం కాబట్టి విన్నా విననట్టే లెక్క.

నవితలై చాలాసేపు ఇసుకలో బూటుతో గీతలు గీశాడు. "సరే," అన్నాడు చివరికి. "తిమింగలం పన్ను మళ్ళీ లోపల పెట్టుకోమని మీ పెద్దలకు చెప్పి వస్తాను. నీ అన్నని స్టీమరు ఎక్కించడం లేదు. ఇప్పుడు నువ్వు చెప్పు సార్జెంట్. రోగం ఎవరు కుదిర్చారు? కుదిర్చినవాడే పడవ తీసుకెళ్ళాడు. దగ్గితే దొరికిపోతాడు కాబట్టే ముందు దగ్గు మాన్పించాడు."

"చూస్తాను సార్," అంది తరైవిని.  గొట్టం పైకెత్తి రెండు చివరలూ చూసింది.

పంపు పాతదే. గొట్టం పాతదే. నవితలై కంటికి కొత్త సామాను కనపడకపోవడంలో వింత లేదు. కానీ పంపుకి రెండు పక్కలా ఉండాల్సిన తుప్పు క్లిప్పులు లేవు. వాటి బదులు సన్నటి స్టీలు తీగ మూడు చుట్లు చుట్టి, మెలిపెట్టి, మొనని లోపలికి మడిచి నొక్కేసి ఉంది, చేతికి గుచ్చుకోకుండా. గొట్టం ఇంజన్‌లో కూర్చునే చోట పసుపు రబ్బరు ముక్క ఒకటి కోసి ఉంగరంలా తొడిగారు. గజ ఈతగాళ్ళు నోట్లో పెట్టుకునే గాలిగొట్టం ముక్క అది.

తీగ మొనని లోపలికి మడవడం. ఈ పనితనం ఆమెకు తెలుసు. ఇంట్లో గ్యాసు పొయ్యి గొట్టానికి ఇలాగే ఉంటుంది. బకెట్టు చెవికి ఇలాగే ఉంటుంది. బట్టల తీగకి ఇలాగే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి తీగ గుచ్చుకుని ఆమె వేలు చీరుకుపోతే, ఇంకెప్పుడూ గుచ్చుకోదులే అని అతను అలవాటు చేసుకున్న మడత. రోజూ పొద్దున్నే దాన్ని చూస్తూనే ఆమె టీ పెట్టుకుంటుంది.

పసుపు గాలిగొట్టం కూడా ఆమెకు తెలుసు. కమినియేలి కుర్రాళ్ళకి నిషేధం ఉన్న ఆ గొట్టాలు పెట్టి లోతుకు దింపుతున్నాడనీ, పోయిన నెల ఒకడికి కాళ్ళు పడిపోయాయనీ, ఆ యంత్రం బిగించిపెట్టింది ఎవరో కనుక్కోవాలనీ ఆమె ఊరూరా తిరుగుతోంది. తిరిగి ఇంటికొచ్చి ఆ మనిషి వండిపెట్టిన అన్నమే తింటోంది. బిగించిందెవరో చెప్పగలిగిన ఒకే ఒక్కడు కమినియేలి.

ఆమె అరచెయ్యి దానంతట అదే తీగ మీద పడి దాన్ని కప్పేసింది.

"ఏమన్నా కనపడిందా?" అడిగాడు నవితలై.

"లేదు సార్. పరిశీలనగా చూడాలి."

అతను పెద్దింటి వైపు వెళ్ళిపోయాడు. ఏమోసి పడవ అంచు పట్టుకుని నిలబడే ఉన్నాడు. భార్య చెయ్యి ఎక్కడుందో చూశాడు.

"ఏమైంది వీనీ?"

"ఏం లేదు. ట్యాంకు విప్పి స్టేషన్‌కి తెచ్చెయ్," అంది ఆమె. అతని మొహం వైపు చూడలేకపోయింది. ఇసుకలో నడుస్తుంటే ఒళ్ళంతా చీదరగా, నలుగురిలో బట్టలూడిపోయినట్టుగా అనిపించింది. సాక్ష్యాన్ని చేత్తో కప్పిన పోలీసు. ఇన్నాళ్ళ సర్వీసులో ఎవరి గురించి అలా విన్నా ఉమ్మేసేది.

వెనక గదిలోకి ఒక్కతే వెళ్ళింది. క్యాలెండర్ వైపు చూడలేదు. చాప మీద సెమితికి ఎదురుగా కూర్చుంది.

సెమితి బెదిరిపోయి గోడ వైపు తిరిగిపోయాడు. "ఏమోసి ఏడీ? ఏమోసిని రమ్మను!" అన్నాడు గోడతో.

"ఏమోసి రాడు. నీతోనే మాట్లాడుతున్నాను అన్నా."

ఆ పిలుపుకి అతని వీపు జలదరించింది. చిన్నప్పుడు రొయ్యల కోసం కాలవలో దిగినప్పటి పిలుపు అది. ఆ తర్వాత అతను మళ్ళీ వినలేదు.

"సిగ్గు లేదా నీకు?" అన్నాడు నెమ్మదిగా.

"లేదు. ఇవాళ్టితో అయిపోయింది. పడవ ఎవరికిచ్చావు?"

సెమితి బేడీల చేతులతో మొహం కప్పుకున్నాడు. కప్పుకునే మాట్లాడాడు. "పొద్దున్నుంచి అడుగుతూనే ఉన్నావు కదే తల్లీ. వాడి నోటితోనే అడిగిస్తున్నావు. వాడి మొహం చూస్తూ వాడి పేరు నీకెలా చెప్పమంటావు?"

తరైవిని చాప మీద ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"పెద్దింటికి పోతుంటే దారిలో కలిశాడు. తలనొప్పి, గిన్నె దగ్గరికి రాను, పడవ కావాలన్నాడు. బావ అడిగితే లేదనడం మన ఇంటావంటా ఉందా? ఎందుకని కూడా అడగలేదు. పొద్దున్న తాడు లాగితే ఒక్కసారికే లేచింది. నా చేతిలోనే అలా లేచేసరికి భయమేసింది. షెడ్డు ముందు ఆ మనిషిని చూశాక అర్థమైంది."

"చెప్పొచ్చుగా అన్నా. ఇన్‌స్పెక్టర్‌కైనా చెప్పొచ్చుగా."

"చెప్తే? నీ ఇల్లు నా నోటితో కూల్చుకోనా? జైలంటే నాలుగు గోడలు. నేను పడతాను. నువ్వు పడలేవు." అతని భుజాలు కదిలాయి. "నువ్వు ఆ రాత్రి డ్యూటీకి పోయి ఊళ్ళో లేవు. నీకేమీ తెలియదు. నీకు తెలియకుండానే అంతా గడిచిపోతుందనుకున్నాను."

ఆమె చెయ్యి చాపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్న మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు. ఇద్దరూ ఏడుస్తున్నారని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

అప్పుడు ఒడ్డు వైపు నుంచి వినిపించింది. బుర్రుమని, దగ్గు లేకుండా, ఒక్క లాగుడుకే.

తరైవిని చెయ్యి జేబులోకి పోయింది. ఎర్ర తాడు క్లిప్పు లేదు. తీగని కప్పుకునే తొందరలో దాన్ని ఇంజన్‌కే వదిలేసి వచ్చింది. ట్యాంకు కూడా అక్కడే ఉంది, నిండుగా. మోత ముందుకు సాగి, మలుపు తిరిగి, పగడపు గట్టు దాటి సన్నబడింది. చావుకి పోయిన పడవలు ఇంకా తిరిగి రాలేదు, ఊళ్ళో వెంట తరమడానికి ఇంకో ఇంజన్ లేదు.

వరండా మీద బూట్ల చప్పుడు. నవితలై రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక తిమింగలం పన్ను చేతిలో పట్టుకుని పెద్దలు, వాళ్ళ వెనక లనియానా అవ్వ, ఆ వెనక సగం ఊరు. అన్నాచెల్లెళ్ళు ఒకే చాప మీద చెయ్యి పట్టుకుని కూర్చోవడం చూసి అందరూ ఒక్కసారి చూపులు దించుకున్నారు.

"సార్జెంట్!" అరిచాడు నవితలై. "పడవ ఎవరికిచ్చావు?"

పొద్దుటి నుంచి ఆమె అడుగుతూ వచ్చిన ప్రశ్నే. సెమితి చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో ఆమెకు ఇప్పుడు తెలిసింది. తన చెవులు కాలిపోతున్నాయి. పక్కన సెమితి చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

తరైవిని లేచి నిలబడింది. నడుముకి ఉన్న తాళాల గుత్తి తీసి ముందు అన్న బేడీలు విప్పింది. తర్వాత ఊరందరి ఎదుటా తలెత్తి చెప్పింది.

"నా మొగుడికి."